ఉపసంహారం లేని అస్త్రం: తేలికపాటి మరతుపాకి రూపకల్పనపై ఒక నైతిక విచారణ

ప్రస్తావన

కరీంనగర్ నుంచి జగిత్యాలకు వెళ్ళే దారిలో, కొండగట్టుకు సమీపంలో మల్యాల ఉంది. దీనికి ఒక దిక్కున జగిత్యాల కోట, మరొక దిక్కున సిరిసిల్ల మరమగ్గాలు ఉన్నాయి. ఆయుధాల నైతికతను విచారించడానికి ఈ రెండూ ఉపకరిస్తాయి. 18వ శతాబ్దం నడుమ ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టినట్లు చెప్పే జగిత్యాల కోట నక్షత్రాకారంలో ఉంటుంది. ఆ ఆకారం అలంకారం కోసం వచ్చింది కాదు. గుండ్రటి బురుజు ముందు, పై నుంచి కాల్చేవారి చూపుకు అందని కొంత జాగా మిగిలిపోతుంది. గోడ దాకా వచ్చిన శత్రువు అక్కడ దాక్కోగలడు. కోణాలు తీర్చిన బురుజులు ఒకదాని ముందటి నేలను మరొకటి కాపు కాస్తాయి కనుక ఆ మరుగు మిగలదు. అంటే ఈ కోట రూపాన్ని నిర్ణయించింది రాజు అభిరుచి కాదు, తుపాకి గుండు ప్రయాణించే దారి. ఆయుధం తన చుట్టూ ఉన్న స్థలాన్ని తనకు అనుకూలంగా మార్చుకుంటుందని చెప్పడానికి ఆ కోట ఒక స్థానిక సాక్ష్యం.

ఆయుధం స్థలాన్ని మార్చినట్లే దాన్ని పట్టుకున్న మనిషి నిర్ణయాన్ని కూడా మారుస్తుందా? ఆయుధం ఒట్టి పనిముట్టు, మంచిచెడులు వాడేవాడివి మాత్రమే అన్నది లోకంలో ఎక్కువగా వినిపించే సమాధానం. ఈ వ్యాసం ఆ సమాధానాన్ని సైన్యాల తేలికపాటి మరతుపాకి చరిత్ర ఆధారంగా పరీక్షిస్తుంది. ఆయుధ ప్రయోగానికి ముందు హెచ్చరిక, తరువాత ఉపసంహారం అనే రెండు ఎల్లలను భారత ఇతిహాసం నిర్దేశించింది. ఈ తుపాకి రూపకల్పన చరిత్రను ఆ రెండు ఎల్లల వెలుగులో చూడడం ఇక్కడి పద్ధతి.

మర, తేలిక: పదాల విచారణ

తెలుగులో తుపాకులకు సంబంధించిన పదాలలో చాలా భాగం బయటి నుంచి వచ్చినవే. తుపాకి తురుష్క మూలం నుంచి, ఫిరంగి ఐరోపావాసులకు తూర్పుదేశాలలో వాడిన పేరు నుంచి వచ్చాయి. తెలంగాణ వాడుకలోని బందూకు అరబ్బీ-పారశీక మార్గంలో ఉర్దూ ద్వారా చేరింది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న శతఘ్ని ఒక్కటే చంపే సంఖ్యను తన పేరులోనే చెప్పుకుంటుంది. మరతుపాకి మాత్రం తెలుగువారు కూర్చుకున్న సమాసం. ఇందులో తుపాకి పరాయి పదం, మర మన పదం.

మర అంటే యంత్రం, తిరిగే కీలు. మరబొమ్మ, మరమనిషి, మరబియ్యం, మరమగ్గం అన్న మాటలన్నింటా మనిషి చేతి కదలికను ఒక యంత్రం తనకుతానుగా తిరిగి తిరిగి చేస్తుందన్న భావం ఉంది. సిరిసిల్లలో ప్రతి వీధికీ తెలిసిన మరమగ్గంలో నాడెను విసిరేది చేయి కాదు, యంత్రం. మరతుపాకిలోనూ తూటాను గదిలోకి తోయడం, పేల్చడం, ఖాళీ గొట్టాన్ని బయటికి లాగడం, మరో తూటాను అందుకోవడం యంత్రమే చేస్తుంది. ఈ పోలిక ఇంతవరకు సరిగానే ఉంది. భేదం దీని తరువాత మొదలవుతుంది. మరమగ్గంలో పేక నూలు తెగితే దాన్ని గుర్తించి మగ్గాన్ని ఆపే ఏర్పాటు ఉంటుంది. కండె అయిపోతే నేత కార్మికుడు కొత్త కండె పెట్టాలి. ఆ మర ఆగడానికి కారణం బట్టలో వచ్చే లోపం. అంటే తాను చేస్తున్న పని ఫలితాన్ని బట్టి అది ఆగుతుంది. మరతుపాకి ఆగేది మాత్రం తన బాధలకే: తూటాలు అయిపోవడం, గొట్టం కాగడం, లోపల మసి పేరుకోవడం, తూటా ఇరుక్కోవడం. ఎదుట పడినవాడు ఎవరన్నది ఆ యంత్రానికి చేరే సమాచారం కాదు. ఆ సమాచారం వేలు పెట్టినవాడి కంటిలోనే ఉంటుంది.

తేలిక అన్న విశేషణం ఈ చరిత్రకు కీలకం. తెలుగులో తేలిక బరువుకు సంబంధించిన మాట మాత్రమే కాదు. శ్రమ లేకుండా జరిగేదాన్ని తేలిక అంటాం, పట్టించుకోకపోవడాన్ని తేలికగా తీసుకోవడం అంటాం. ఒక తుపాకి మోయడానికి తేలికైనప్పుడు వాడడానికి ఎంత తేలికైందన్నది చరిత్రలో వెతకవలసిన విషయం.

రూపకల్పన చరిత్ర: విరామాల తొలగింపు

హైరం మాక్సిం 1884లో ప్రదర్శించిన తుపాకి, తన పేలుడు వెనుకకు తన్నే బలంతోనే తరువాతి తూటాను ఎక్కించుకుంది. అంతకు ముందున్న తుపాకులకు చేతితో పిడి తిప్పాలి. మాక్సిం ఆ పిడిని తొలగించాడు. కాని ఆ తుపాకి బరువైనది. గొట్టం చుట్టూ నీళ్ళ తొడుగు, కింద ముక్కాలి ఊత, మోయడానికి పలువురు మనుషులు కావాలి. దాన్ని నిలిపిన చోటే యుద్ధం జరగాలి. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో డెన్మార్కు మాడ్సెన్ తుపాకి, మొదటి ప్రపంచయుద్ధంలో లూయిస్ తుపాకి ఈ పరిమితిని సడలించాయి. గాలితో చల్లబడే గొట్టం, ఒక మనిషి మోయగల బరువు వచ్చాయి. అప్పటివరకు దళానికి వెనుక ఉండిన మరతుపాకి దళంతో పాటు నడవసాగింది.

ఈ పరిణామానికి పరిణత రూపం చెకొస్లొవేకియాలోని బ్ర్నో నగరంలో తయారైంది. వాత్స్లావ్ హోలెక్ రూపొందించిన జెడ్‌బి 26 అనే తుపాకి 1920ల నడుమ ఆ దేశ సైన్యంలో చేరింది. బ్రిటన్ 1930ల తొలి సంవత్సరాలలో పలు తుపాకులను పరీక్షించి దీని వంశాన్ని ఎంచుకుంది. తన పాయింట్ 303 తూటాకు అనుగుణంగా మార్పించి, 1935లో తయారీ హక్కు తీసుకుంది. బ్ర్నో పేరులోని మొదటి రెండు ఆంగ్లాక్షరాలు, ఎన్‌ఫీల్డ్ కర్మాగారం పేరులోని మొదటి రెండు అక్షరాలు కలిపితే వచ్చిందే బ్రెన్ అనే పేరు. ఎన్‌ఫీల్డ్‌లో తయారీ 1937లో మొదలైంది. భారత సైన్యం అంతకు ముందే, 1933లో, విక్కర్స్-బెర్తియే అనే మరొక తేలికపాటి మరతుపాకిని స్వీకరించి, బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో తయారు చేయించుకుంది. తరువాత బ్రెన్ కూడా భారత సైనికుల చేతికి వచ్చి, స్వాతంత్ర్యం తరువాత 7.62 మిల్లీమీటర్ల తూటాకు మారిన రూపంలో దశాబ్దాల పాటు కొనసాగింది.

బ్రెన్ నిర్మాణంలోని ప్రతి భాగం ఒక ఆటంకానికి జవాబు. తూటా గొట్టంలో ప్రయాణిస్తుండగా దాని వెనుక ఉన్న వాయువులో కొంత ఒక చిన్న రంధ్రం గుండా కిందికి వచ్చి పిస్టన్‌ను వెనుకకు నెడుతుంది. ఆ కదలికే మిగిలిన పనులన్నీ చేయిస్తుంది. మసి పేరుకొని వేగం తగ్గితే మరింత పెద్ద రంధ్రానికి తిప్పుకోవడానికి నాలుగు మెట్ల వాయు నియంత్రకం ఉంది. కాల్పుల మధ్య బోల్టు వెనుకనే నిలిచి ఉంటుంది కనుక గొట్టంలోకి గాలి ఆడుతుంది. 30 తూటాల మ్యాగజైన్ తుపాకి పైన, కొద్దిగా వంగి ఉంటుంది. అంచు ఉన్న 303 తూటాలు ఒకదానిపై ఒకటి చక్కగా కూర్చోవడానికే ఆ వంపు. మ్యాగజైన్ పైన ఉన్నందువల్ల చూపు సాగే దారికి అడ్డు వస్తుంది కనుక గురి చూసే మీటలను ఎడమ పక్కకు జరిపారు. పక్కన పడుకున్న రెండవ మనిషి దాన్ని క్షణాలలో మార్చగలడు. తుపాకి బరువు సుమారు 10 కిలోలు, వేగం నిమిషానికి సుమారు 500 తూటాలు. వేగంగా కాల్చేటప్పుడు సుమారు 10 మ్యాగజైన్లకు ఒకసారి గొట్టం మార్చాలి. ఒక మీటను తిప్పి, పిడి పట్టుకొని కాగిన గొట్టాన్ని తీసి, చల్లని గొట్టం తగిలిస్తే కాల్పులు కొనసాగుతాయి. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే ఇది గొప్ప పనితనం. అది చాలా నిక్కచ్చిగా గురి తప్పకుండా కాల్చే తుపాకి అని వాడినవారు మెచ్చుకున్నారు.

ఈ గుణగణాలను వరుసగా పేర్చి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. చేతితో పిడి తిప్పే శ్రమ, నీళ్ళ కోసం ఆగడం, ముక్కాలిని నిలపడం, మసి తుడవడం, గొట్టం చల్లారే దాకా వేచి ఉండడం, ఇవన్నీ ఒకప్పుడు కాల్పుల మధ్య విరామాలు. రూపకర్త దృష్టిలో ఇవి లోపాలు. ఒక్కొక్క లోపాన్ని సవరించడమే తేలికపాటి మరతుపాకి చరిత్ర. కాని అవే విరామాలలో మనిషి తల ఎత్తి చూడడానికి, ఎదుట ఎవరున్నారో తెలుసుకోవడానికి, వద్దనుకోవడానికి వీలుండేది. ఆ విరామాలు నైతిక ఉద్దేశంతో పెట్టినవి కావు, యంత్రం చేతకానితనం వల్ల మిగిలినవి. అయినా అవి చేసిన పని నైతికమైనది. బ్రెన్‌లో కాల్పులను ఒక్కొక్క తూటాగా పరిమితం చేసే మీట కూడా ఉంది. ఆ మీట ఉండడం గమనించదగింది: యంత్రం తీసివేసిన విరామాన్ని మనిషి తన ఇష్టంతో తిరిగి పెట్టుకోవచ్చు. ఇష్టం లేకుంటే లేదు. విరామం అనివార్యత నుంచి ఐచ్ఛికంగా మారింది.

భారతదేశంలోనే రూపొందిన ఇన్సాస్ ఆయుధాలలో ఈ ఐచ్ఛికత మరొక మలుపు తిరిగింది. 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్ రైఫిల్లో ఒకసారి మీట నొక్కితే మూడు తూటాలు మాత్రమే వెళ్ళేటట్లు ఏర్పాటు చేశారు. తూటాల దుబారా తగ్గించడం దాని ఉద్దేశం. అదే కుటుంబంలోని తేలికపాటి మరతుపాకికి ఎడతెరపి లేకుండా కాల్చే శక్తి ఇచ్చారు. తూటాల పొదుపు కోసమైనా రైఫిల్లోకి ఒక విరామం తిరిగి వచ్చింది. మరతుపాకిలోకి రాలేదు. 2020 మార్చిలో భారత రక్షణశాఖ ఇజ్రాయెల్ సంస్థ నుంచి 16,479 నెగెవ్ తేలికపాటి మరతుపాకులు కొనడానికి సుమారు 880 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. ఈ కొత్త తరం తుపాకికి తూటాల పట్టీ అమర్చవచ్చు. 30 తూటాలకు ఒకసారి వచ్చే విరామం కూడా దూరమవుతున్నది.

హెచ్చరిక, ఉపసంహారం: ఇతిహాస ప్రమాణం

ఆయుధాలకు సంబంధించిన భారతీయ చింతన ఆయుధం లేని లోకాన్ని ఊహించలేదు. ఆయుధానికి ఎల్లలు గీసింది. వ్యాసభారతం భీష్మపర్వారంభంలో ఉభయ సేనలు చేసుకున్న యుద్ధ నియమాలలో ఎదుటివానిని పలకరించి, హెచ్చరించి, ఆ పిమ్మట కొట్టాలన్నది ఒకటి. ఇది ప్రయోగానికి ముందటి ఎల్ల. ప్రయోగానికి తరువాతి ఎల్ల ఉపసంహారం. వాల్మీకి బాలకాండలో విశ్వామిత్రుడు అస్త్రాలను ఉపదేశించిన తరువాత రాముడు వాటిని పుచ్చుకొని ఊరుకోడు. వాటి ఉపసంహారాన్ని కూడా ఉపదేశించమని అడుగుతాడు. ఆయుధం అందిన క్షణంలోనే దాన్ని వెనుకకు తీసుకొనే విద్య కోసం అడగడం రాముని పాత్రలో గమనింపదగిన లక్షణం.

ఈ రెండు ఎల్లలూ ఒకే పాత్రలో కూలిపోయిన ఘట్టం తిక్కన తెనిగించిన సౌప్తికపర్వంలో ఉంది. అశ్వత్థామ నిద్రిస్తున్న పాండవ శిబిరంలోకి రాత్రివేళ దూరి ఉపపాండవులను, ధృష్టద్యుమ్నుని చంపుతాడు. అక్కడ హెచ్చరిక లేదు. తరువాత తరుముకొచ్చిన పాండవులపై బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని ప్రయోగిస్తాడు. అర్జునుడు దానికి ప్రతిగా అదే అస్త్రాన్ని విడుస్తాడు. నారద వ్యాసులు నడుమ నిలిచి ఉపసంహరించమన్నప్పుడు అర్జునుడు తన అస్త్రాన్ని వెనుకకు తీసుకోగలుగుతాడు. అశ్వత్థామ తీసుకోలేడు. వదిలిన దాన్ని ఆపే శక్తి లేక దాన్ని పాండవ స్త్రీల గర్భాలపైకి మళ్ళిస్తాడు. తండ్రి ద్రోణుడు ఆ అస్త్రాన్ని కొడుక్కు అయిష్టంగానే నేర్పాడని, మనుషులపై వాడవద్దని చెప్పాడని కథ జ్ఞాపకం చేస్తుంది.

ఈ ఘట్టంలో ఇద్దరి చేతిలో ఉన్నది ఒకే ఆయుధం. దాన్ని వదలడానికి ఇద్దరికీ సమాన సామర్థ్యం ఉంది. భేదమంతా వెనుకకు తీసుకోవడంలో ఉంది. ఆయుధం వాడేవానిని బట్టి మంచిదో చెడ్డదో అవుతుందన్న వాదాన్ని ఈ కథ ఒక మెట్టు ముందుకు తీసుకుపోతుంది. వాడేవాని గుణం కనిపించే చోటు ప్రయోగం కాదు, ఉపసంహారం. ఆపలేని ఆయుధం చివరికి ఎవరి మీద పడుతుందన్న ప్రశ్నకు కూడా కథ సమాధానం చెప్పింది: యుద్ధంలో లేనివారి మీద, ఇంకా పుట్టనివారి మీద.

తూటాకు ఉపసంహార మంత్రం లేదు. అది వడిసెల రాయికీ లేదు, బాణానికీ లేదు. అందువల్ల తుపాకి విషయంలో ఉపసంహారం అంటే విడిచిన తూటాను వెనుకకు పిలవడం కాదు, తరువాతి తూటాను ఆపడం. ఒక తూటాకూ మరొక తూటాకూ మధ్య ఉండే కాలమే ఆధునిక ఆయుధానికి మిగిలిన ఉపసంహారం. నిమిషానికి 500 తూటాలు వెళ్ళే యంత్రంలో ఆ కాలం సెకనులో ఎనిమిదవ వంతుకు కాస్త ఎక్కువ కాదు. అంత తక్కువ కాలంలో చూడడం, తెలుసుకోవడం, ఆగడం ఏ శిక్షణకూ సాధ్యం కాని పని. ఈ అర్థంలో మరతుపాకిని ఉపసంహారం లేని అస్త్రమని పిలవడం సమంజసం.

పూర్వపక్షం: విరామం ఎవరి ప్రాణం?

ఈ వాదానికి బలమైన పూర్వపక్షం ఉంది. దాన్ని చులకనగా తోసివేయడానికి వీలు లేదు. తేలికపాటి మరతుపాకి ముఖ్యంగా చంపడానికి కాక, తల ఎత్తనివ్వకుండా చేయడానికి పుట్టింది. ఒక దళం మైదానం దాటాలంటే, ఎదుటివారు కాల్చకుండా వారిని నేలకు అణిచి ఉంచే కాల్పులు కావాలి. తుపాకి ఆగిన క్షణంలో లేచి పరుగెత్తుతున్న తోటి సైనికుడు చనిపోతాడు. జొన్నచేనులో మంచె మీద నిలబడి వడిసెల తిప్పేవాని పని పిట్టలను చంపడం కాదు, వాలనివ్వకపోవడం. మరతుపాకి పని కూడా ఒక విధంగా అదే. ఈ దృష్టితో చూస్తే విరామాన్ని తొలగించిన రూపకర్త మనిషి ప్రాణాన్ని కాపాడాడు. విరామం ఒకరికి ఆలోచన, మరొకరికి మరణం.

1971 డిసెంబరులో గంగాసాగర్ పోరులో పరమవీరచక్ర పొందిన లాన్స్ నాయక్ ఆల్బర్ట్ ఎక్కా ఉదంతం ఈ మాటను బలపరుస్తుంది. శత్రువుల తేలికపాటి మరతుపాకి ఒకటి తన దళాన్ని నేలకూలుస్తుండగా ఆయన దాని బంకరుపైకి దూకి, బాయొనెట్‌తో దాన్ని ఆపాడు. ఆగని యంత్రాన్ని ఆపడానికి అక్కడ ఒక మనిషి తన దేహాన్ని అడ్డు పెట్టవలసి వచ్చింది. ఆ యుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన రెండు సైన్యాలకూ బ్రెన్ తుపాకులు ఉమ్మడి వారసత్వమే. 1947లో ఒకే సైన్యం రెండుగా చీలినప్పుడు ఆయుధాలూ పంచుకున్నారు. బ్ర్నోలో పుట్టిన మూలరూపం 1939 తరువాత జర్మనీ సైన్యం చేతిలోకి పోయి, దాని సంతతి అయిన బ్రెన్‌కు ఎదురు నిలిచింది. ఆయుధానికి పక్షం లేదన్న మాట ఈ అర్థంలో నిజమే.

పూర్వపక్షాన్ని అంగీకరిస్తూనే దానిలో దాగిన ఒక షరతును వెలికితీయాలి. ఆ వాదం రెండు సాయుధ సేనల మధ్య మాత్రమే నిలుస్తుంది. తల ఎత్తితే కాల్చగల శత్రువు ఎదుట ఉన్నాడన్నది దాని ఆధారం. మరతుపాకి ఒక వ్యక్తికి గురి పెట్టే ఆయుధం కాదు, ఒక నేలను గుండ్లతో కప్పే ఆయుధం. కప్పబడిన నేల మీద ఉన్నదంతా శత్రువే అన్న ఊహ దాని నిర్మాణంలో నిక్షిప్తమై ఉంది. యుద్ధభూమిలో ఆ ఊహ చాలావరకు నిజం. ఊరిలో, సంతలో, సభలో అది అబద్ధం. ఆయుధం యుద్ధభూమి నుంచి ఊరిలోకి వచ్చినప్పుడు దానితో పాటు ఆ ఊహ కూడా వస్తుంది.

ఇరుకు సందు, చట్టం చెప్పిన హెచ్చరిక

1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో జరిగినది ఈ వాదానికి చారిత్రక సాక్ష్యం. జనరల్ డయ్యర్ రైఫిళ్ళు పట్టిన 50 మంది సైనికులతో లోపలికి వెళ్ళాడు. మరతుపాకులు అమర్చిన రెండు కవచ వాహనాలు కూడా వెంట వచ్చాయి. లోపలికి పోయే సందు ఇరుకైనందువల్ల అవి బయటే నిలిచిపోయాయి. ఏ హెచ్చరికా లేకుండా కాల్పులు మొదలై, 1,650 తూటాలు పేలాయి. అధికారిక లెక్క ప్రకారమే 379 మంది చనిపోయారు. సందు వెడల్పుగా ఉంటే మరతుపాకులను వాడేవారా అని హంటర్ విచారణ సంఘం అడిగినప్పుడు, బహుశా వాడేవాణ్ణేనని ఆయన జవాబు చెప్పాడు. రైఫిళ్ళు కూడా నరమేధం చేయగలవని ఈ ఘటన రుజువు చేసింది కనుక పాపమంతా యంత్రానిదే అనడానికి వీలు లేదు. అయితే ఆ రోజు మరణాల సంఖ్యకు ఒక ఎల్లగా నిలిచింది ఎవరి మనస్సాక్షీ కాదు, ఒక సందు ఇరుకుదనం. నైతికత మనిషిలో కూలిపోయినప్పుడు దాన్ని నిలిపేది బయటి అడ్డంకే. తేలికపాటి మరతుపాకికి ఆ సందు అడ్డు కాదు. ఒక మనిషి దాన్ని భుజాన వేసుకొని ఎక్కడికైనా నడిచి పోగలడు. తేలిక అన్న మాటకు నైతిక బరువు ఇక్కడ తెలుస్తుంది.

ఆధునిక చట్టం ఈ ప్రమాదాన్ని ఎరగనిది కాదు. చట్టవిరుద్ధమైన గుంపును చెదరగొట్టడానికి బలం వాడే ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలని 1973 నేర విచారణ స్మృతిలోని 129వ విభాగం చెప్పింది. దాని స్థానంలో వచ్చిన 2023 నాటి స్మృతి కూడా ఆ సూత్రాన్ని కొనసాగించింది. భీష్మపర్వం చెప్పిన హెచ్చరికే ఇది. 1958 నాటి సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టంలో కూడా హెచ్చరిక ప్రస్తావన ఉంది. కాని కాల్చే అధికారి తనకు అవసరమని తోచినంత హెచ్చరిక చేసిన తరువాత ప్రాణాలు తీసేటంత బలాన్నైనా వాడవచ్చునని అది అంటుంది. హెచ్చరిక మాటగా మిగిలింది. దాని కొలత మాత్రం కాల్చేవాని అభిప్రాయానికి వదిలివేయబడింది. బ్రెన్‌లో ఒక్కొక్క తూటాకు పరిమితం చేసే మీట ఎలా ఐచ్ఛికమో ఈ హెచ్చరిక కూడా అలాగే ఐచ్ఛికమైంది. యంత్రంలో జరిగిన మార్పుకు సమాంతరంగా చట్టంలోనూ మార్పు జరిగింది.

ఈ సమాంతరత జగిత్యాల ప్రాంతానికి ఒట్టి సిద్ధాంత విషయం కాదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీ సంఘాలు జరిపిన ప్రదర్శన జగిత్యాల జైత్రయాత్రగా చరిత్రకెక్కింది. వెట్టిచాకిరి, కూలిరేట్లు, దొరల ఆధీనంలోని బంజరు భూములు అప్పటి సమస్యలు. దొరల ఇళ్ళకు సేవలు మానివేసే సాంఘిక బహిష్కరణ అప్పటి పోరాట రూపాలలో ఒకటి. అది ఎప్పుడైనా ఉపసంహరించుకోదగిన ఆయుధమని ఇక్కడ గుర్తించాలి. మానిన పనిని మర్నాడు తిరిగి చేయవచ్చు. ఆ తరువాతి నెల, అక్టోబరులో, ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. మల్యాల వంటి ఊళ్ళ మీద ఆ ప్రకటన నీడ పడింది. జగిత్యాల రైతాంగ పోరాటం నేపథ్యంగా అల్లం రాజయ్య రాసిన నవలకు కొలిమంటుకున్నది అన్న పేరు ఉంది. నాగలి కర్రును, కత్తిని ఒకే నిప్పు తీరుస్తుందన్న ఎరుక పల్లెకు ఉంది కనుక ఆ పేరు తెలుగు పాఠకునికి వివరణ అవసరం లేనిది.

ప్రకటన అన్న మాట గురించి కొంత ఆలోచించాలి. ఒక ప్రాంతాన్ని కల్లోలితమని ప్రకటించడమంటే అక్కడి ఒక్కొక్క మనిషి గురించి కాక, ఆ నేల మొత్తం గురించి తీర్పు చెప్పడం. మరతుపాకి కప్పే నేలకూ, చట్టం కప్పే నేలకూ తర్కం ఒకటే. రెండింటిలోనూ వ్యక్తి స్థానంలో ప్రాంతం లక్ష్యమవుతుంది. ఏ రోజు ఏ ఊరిలో ఏ తుపాకి పేలిందన్నది చరిత్రకారుని ప్రశ్న. నైతిక విచారణకు ముఖ్యమైనది, యుద్ధభూమికి చెందిన ఊహ పౌర జీవితంలోకి అనుమతి పొందిన తీరు. దశాబ్దాల తరువాత, ఎదురుకాల్పుల అనంతరం విలేకరుల ముందు పేర్చిన ఆయుధాలలో ఇన్సాస్ రైఫిళ్ళు, కొన్నిసార్లు తేలికపాటి మరతుపాకులు కనిపించాయి. రాజ్యం కోసం తయారైన యంత్రం దానిపై తిరగబడినవారి చేతికీ చేరింది. చేతులు మారినా యంత్రంలోని ఊహ మారలేదు. మందుపాతరకైనా, మరతుపాకికైనా ఎదుటివాడు బతకదలచిన పేద కానిస్టేబులా కాదా అన్న భేదం తెలియదు. ఈ విషయంలో ఉభయ పక్షాలకూ ఒకే ప్రశ్న వర్తిస్తుంది.

కర్తృత్వ విభజన

మరతుపాకి ఒంటరి ఆయుధం కాదు. ఒకడు కాలుస్తాడు, ఒకడు మ్యాగజైన్ మారుస్తాడు, దళనాయకుడు దిశ చూపుతాడు, అంతకు పైవాడు ఆదేశిస్తాడు. వీరందరికీ వెనుక కర్మాగారం, రూపకర్త, కొనుగోలు చేసిన ప్రభుత్వం ఉన్నాయి. ఇంతమంది మధ్య పంచితే బాధ్యత పలచబడుతుందని ఆధునిక సంస్థలు నమ్ముతాయి. మన ధర్మశాస్త్ర సంప్రదాయంలో స్థిరపడిన సూత్రం ఇందుకు విరుద్ధమైనది. చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు నలుగురూ పుణ్యపాపాలలో సమభాగులని అది చెబుతుంది. నాలుగు పాళ్ళుగా పంచడం కాదు దాని భావం, ప్రతి ఒక్కరికీ పూర్తి పాలు ఉందని.

ఈ సూత్రం ప్రకారం హోలెక్‌కు, ఎన్‌ఫీల్డ్‌కు, ఇషాపూర్‌కు ఉన్న బాధ్యత ఏమిటి? తాము తయారు చేసిన ప్రతి తుపాకి చేసిన ప్రతి హత్యకూ వారిని దోషులనడం అతివాదం. వారి బాధ్యత మరొక చోట ఉంది. ఆయుధానికి ప్రయోగం నేర్పినవాడు ఉపసంహారం కూడా నేర్పాలి. ద్రోణుడు చేసిన లోపం అస్త్రం ఇవ్వడం మాత్రమే కాదు, దాన్ని వెనుకకు తీసుకొనే సామర్థ్యం లేని కొడుక్కు ఇవ్వడం. ప్రభుత్వం ఒక ఆయుధాన్ని కొన్నప్పుడు వేగం, బరువు, దూరం, ధర పట్టికలో ఉంటాయి. ఆ ఆయుధం ఎక్కడికి పోకూడదు, ఎవరి ఎదుట నిలపకూడదు, ఆపవలసింది ఎవరు అన్న వివరాలు కూడా అదే పట్టికలో ఉండవలసినవి.

ముగింపు

పై విచారణ వల్ల మూడు విషయాలు తేలుతాయి. మొదటిది, ఆయుధం ఒట్టి పనిముట్టు కాదు. వాడేవానికి ఎంత ఆలోచనకు చోటు మిగలాలో అది నిర్ణయిస్తుంది. తేలికపాటి మరతుపాకి చరిత్ర ఆ చోటును అంచెలంచెలుగా కుదించిన చరిత్ర. రెండవది, ఆ కుదింపు యుద్ధంలో తోటివాని ప్రాణం కాపాడే ధర్మం కావచ్చు. పౌరుల ఎదుట అదే అధర్మం. కనుక ఆయుధ నైతికత దాన్ని తీసుకుపోయిన స్థలం మీద ఆధారపడుతుంది. మూడవది, యంత్రం తొలగించిన విరామాన్ని చట్టం తిరిగి పెట్టాలి. చట్టం దాన్ని అధికారి ఇష్టానికి వదిలినప్పుడు యంత్రానికీ చట్టానికీ మధ్య పౌరునికి రక్షణ మిగలదు.

మనిషి ప్రమేయం లేకుండా లక్ష్యాన్ని ఎంచుకొనే ఆయుధాలపై 2014 నుంచి జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో దేశాలు చర్చిస్తున్నాయి. అవి వస్తే ఎదుట ఎవరున్నారో చూసే ఆ చివరి కన్ను కూడా యంత్రానిదే అవుతుంది. అప్పుడు అడగవలసిన ప్రశ్న కొత్తది కాదు. సిరిసిల్లలో ఒక పేక దారం తెగితే మర ఆగుతుంది. దారం కోసం ఆగడం నేర్చిన మరకు మనిషి కోసం ఆగడం నేర్పలేమా అన్నదే ఆ ప్రశ్న. అస్త్రాలు అందుకున్న మరుక్షణం రాముడు విశ్వామిత్రుణ్ణి అడిగింది కూడా ఇదే.